మధ్యాహ్నానికి పట్టే పొగ

పన్నెండు దాటింది. మా ఆయన లైటు తీసెయ్యమని రెండుసార్లు అన్నారు. నిద్ర రావడం లేదు.

వీధిలైటుకు తోకలు కనబడతాయన్న అబ్బాయి గుర్తున్నాడా, కెరటోకోనస్? అదే, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా పలచబడి శంకువులా పొడుచుకొచ్చే జబ్బు. నెల క్రితం స్క్లెరల్ లెన్స్ (కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనే, సెలైన్ నింపి పెట్టుకునే పెద్ద లెన్స్) పెట్టినరోజు చార్టులో చివరి వరుస చదివేశాడు. ఇవాళ వచ్చి, "మేడమ్, మధ్యాహ్నానికి పొగ పట్టినట్టుంటోంది. తీసి, కొత్త సెలైన్ పోసి పెట్టుకుంటే తగ్గుతోంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నిండుగా పోయడు, ముఖం నేలవైపు పూర్తిగా వంచడు, సెలైన్ బదులు ఇంకేదో పోస్తున్నాడేమో కూడా! ఎన్నిసార్లు చెప్పాలి? ప్రిజర్వేటివ్ లేనిదే పోయాలని, గిన్నెలాంటి ఆ లెన్స్ పొంగేలా పోయాలని మొదటినుంచీ పాఠం చెప్పాను, గట్టిగానే. వాడు తలూపాడు. వాళ్లమ్మ మాత్రం "రోజూ పక్కనే ఉండి చూస్తున్నానమ్మా, నిండుగానే పోస్తున్నాడు" అంది.

అప్పుడు కూర్చోబెట్టాను స్లిట్ ల్యాంప్ ముందు, సన్నటి వెలుగు వేసి కన్ను చూసే మైక్రోస్కోప్ అది. పెట్టుకుని ఆరు గంటలైంది. సన్నటి వెలుగుగీతలో లోపలి ద్రవం పాలచుక్క కలిసిన నీళ్లలా ఉంది. పక్కల అంచు బాగానే ఆనింది. పైన కొంచెం లేచింది. ఫ్లోరెసిన్ అనే రంగుచుక్క వేస్తే, నీలి వెలుగులో ఆకుపచ్చ రంగు సరిగ్గా అక్కణ్నుంచే లోపలికి జారింది. కన్నీటిలోని మడ్డి కూడా అదే దారిన పోతోందన్నమాట.

నేర్చుకునే రోజుల్లో మా సీనియర్ అక్క నా కంటికే ఒకటి పెట్టించింది. మూడు వేళ్ల మీద నిలబెట్టి, సెలైన్ నింపి వంగితే సగం ఒళ్లో పడింది. లోపల గాలి బుడగ. తీశాను. మళ్లీ బుడగ. రెప్పలు ఎర్రబడినా అక్క తొందరపెట్టలేదు. నాలుగోసారి కుదిరాక సాయంత్రం దాకా దాంతోనే తిరగమంది. పొద్దున కార్నియాకీ లెన్స్‌కీ మధ్య 300 మైక్రాన్లున్న ఖాళీ సాయంత్రానికి దాదాపు 100 తగ్గింది. "చూశావా, ఇప్పుడు కూర్చుంది" అంది.

అంత చూసినదాన్ని, ఈ అబ్బాయిని లెన్స్ పెట్టినరోజు అరగంటకే చూసి పంపేశాను.

అయినా నెలరోజులు ఎందుకు ఊరుకున్నాడు అని ఇందాకటిదాకా కోపం. ఇప్పుడు గుర్తొస్తోంది. రెండోవారం ఫోన్ చేశాడు. "అలవాటవుతుందిలే" అన్నది నేనే.

తెల్లగుడ్డు అన్నివైపులా ఒకే వంపులో ఉండదు కాబట్టి టోరిక్ అంచుతో, అంటే ఒక్కోవైపు ఒక్కో వంపున్న అంచుతో, కొత్తది ఆర్డర్ రాశాను. వాళ్లమ్మతో మాత్రం ఏమీ అనలేకపోయాను. రేపు ఫోన్ చేయాలి.