ఒక్క ప్రశ్నతో రాజమహేంద్రవరం

నర్సింగ్ నాయకత్వ సదస్సుకు రాజమహేంద్రవరం వెళ్లి రమ్మని మా ఆసుపత్రిలో ఉత్తర్వు అందినప్పుడు, వార్డులో వినిపించిన మొదటి మాట "బ్యాగు ఇస్తారా మేడమ్?" అన్నది. అందులో వింతేమీ లేదు. ఇలాంటి సదస్సులకు వెళ్లినవారు చాలావరకు ఒక బ్యాగు, ఒక సర్టిఫికెట్టు, వేదిక ముందు దిగిన ఫొటో పట్టుకుని రావడమే మా వాళ్లు చూశారు. నేను మాత్రం బయలుదేరే ముందు రాత్రి డ్యూటీ సిస్టర్లను కూర్చోబెట్టి, మన వార్డులో ఎంతకీ తెగని చిక్కు ఏమిటో చెప్పమన్నాను. మందుల కొరత దగ్గర మొదలై, అటెండర్ల మీద ఫిర్యాదుల వరకు వెళ్లిన ఆ చర్చ చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగింది: అర్ధరాత్రి రోగి పరిస్థితి కొద్దికొద్దిగా దిగజారుతున్నప్పుడు డ్యూటీ డాక్టరు గారిని ఏ క్షణంలో లేపాలి? ముందే లేపితే విసుక్కుంటారేమోనన్న బెరుకు, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందన్న భయం, ఈ రెండింటి మధ్య కొత్తగా చేరిన పిల్లలు నలిగిపోతున్నారు. ఆ ప్రశ్నను డైరీ మొదటి పేజీలో రాసుకుని బస్సెక్కాను.

అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చేసరికి అరటి గెలల లారీలు దారికి అడ్డం పడి బస్సు చాలాసేపు నిలిచిపోయింది. ఆ వ్యవధిలో సదస్సు కార్యక్రమ పత్రాన్ని తీరిగ్గా చదివాను. ఒకే సమయానికి వేర్వేరు హాళ్లలో ప్రసంగాలు పెట్టారు కాబట్టి, దేనికి వెళ్లాలన్నది అక్కడ దిగాక తేల్చుకుందామంటే కుదరదు; పక్కవారు ఎటు నడిస్తే మనమూ అటే నడుస్తాము. శీర్షికలో పెద్ద పెద్ద మాటలున్నవాటిని కొట్టేసి, రోగి భద్రత గురించి, డ్యూటీ మార్పిడి గురించి ఉన్నవాటికి గుర్తు పెట్టుకున్నాను. గౌతమి వంతెన దాటి, కడియపులంక నర్సరీలు రోడ్డుకిరువైపులా కనిపించేసరికి, నాతో వచ్చిన సహోద్యోగినితో ఒక ఒప్పందం కూడా కుదిరింది: ఇద్దరం ఒకే హాలుకు వెళ్లకూడదు, భోజనానికి ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు. ఆమె కొంచెం నొచ్చుకున్నదనుకుంటాను. కానీ రోజూ చూసుకునే ముఖాలతోనే కబుర్లు చెప్పుకోవడానికి అంత దూరం వెళ్లనక్కరలేదు కదా.

ప్రారంభ సభ గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు, ఆలస్యమైంది.

అసలు సదస్సు నాకు భోజనాల దగ్గర మొదలైంది. పనసపొట్టు కూర వడ్డిస్తుండగా పక్క కుర్చీలో కూర్చున్నది ఏజెన్సీ వైపు చిన్న ఆసుపత్రిలో చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దావిడ. పరిచయాలు కాగానే నా ప్రశ్నను, మా వార్డులో మంచాలెన్నో, రాత్రి ఎంతమంది ఉంటారో కలిపి రెండు వాక్యాల్లో ఆమె ముందు పెట్టాను. ఆమె కాసేపు ఆలోచించి, "ధైర్యంగా ఫోన్ చెయ్యమని పిల్లలకు చెబితే లాభం లేదమ్మా. ఎప్పుడు చెయ్యాలో అంకె వేసి గోడకు అంటించండి. అప్పుడు లేపింది సిస్టర్ కాదు, ఆ అంకె లేపినట్టు లెక్క" అన్నారు. ఆ మాటను చేయి కడుక్కోగానే రాసుకున్నాను.

మధ్యాహ్నం నేను ఎంచుకున్న ప్రసంగంలో ఆ అంకెల సంగతే వచ్చింది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రకటించి, 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరు అది. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత, ఇవిగాక రోగికి ఆక్సిజన్ పెట్టామా లేదా అన్నది చూసి మార్కులు వేస్తారు. మొత్తం 5కు చేరితే వైద్యుడు త్వరగా వచ్చి చూడాలి, 7కు చేరినా, దాటినా అత్యవసరం. చుట్టూ చాలామంది తెర మీది ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీశారు. అవన్నీ ఫోన్లలోనే ఉండిపోతాయని నా అనుమానం. సాయంత్రానికి హాలు సగం ఖాళీ అయింది. ప్రసంగించిన వారిని పట్టుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. రద్దీలో అయితే ఒక నమస్కారంతో సరిపెట్టే మనిషి, అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, ఈ పద్ధతి ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పారు. చార్టును నర్సులు మాత్రమే తయారుచేసుకుంటే డాక్టర్లు దాన్ని పట్టించుకోరనీ, మొదటి కాగితం మీదే వారి సంతకాలు ఉండాలనీ ఆయన చెప్పినది వేదిక మీద చెప్పిన దేనికన్నా విలువైనదిగా నాకు తోచింది.

మరునాడు పొద్దున్నే నిర్వాహకులు బస్సులో ధవళేశ్వరం తీసుకువెళ్లారు. విహారయాత్రే కదా అని కొందరు గదుల్లోనే ఉండిపోయారు. కాటన్ మ్యూజియంలో తిరుగుతుండగా నాకు ఫ్లోరెన్స్ నైటింగేల్ గుర్తుకు వచ్చింది. ఎన్నడూ భారతదేశం రాకపోయినా, ఇక్కడి కరువుల గురించి లెక్కలు సేకరించి, నీటిపారుదల విషయంలో ఆర్థర్ కాటన్ వాదనను సమర్థించి, ఆయనతో ఉత్తరాలు నడిపిన మనిషి ఆమె. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకూ మా వృత్తికీ ఈ మాత్రం చుట్టరికం ఉందని ఆ ముందురోజు వేదిక మీద ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది.

బ్యారేజీ దగ్గర నీటిమట్టం గుర్తులు చూసినప్పుడు నా ప్రశ్న పూర్తిగా విడిపోయింది. కోనసీమలో పుట్టినవారికి ఆ అంకెలు కంఠతా వస్తాయి: 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. రాత్రి రెండు గంటలకైనా సరే, మట్టం ఆ గుర్తును తాకితే హెచ్చరిక జారీ చేయడానికి ఎవరూ మొహమాటపడరు. పెద్దావిడ చెప్పిన అంకె ఇదే.

తిరుగు బస్సులోనే నోట్సును రెండు పేజీలకు కుదించాను. కలిసినవారిలో అవసరమైనవారికి మాత్రం, ఏ మాట గురించి ఫోన్ చేస్తున్నానో గుర్తుచేస్తూ, ఆ వారంలోనే ఫోన్ చేశాను; నెల గడిస్తే వారికి మనం ఎవరమో గుర్తుండము. చార్టు నమూనాను పెద్దావిడ వాట్సాప్‌లో పంపారు. సూపరింటెండెంట్ గారు, వార్డు డాక్టర్లు అందులో రెండు గడులు మార్చి సంతకాలు చేశాక, దాన్ని నర్సుల బల్ల ఎదురుగా గోడకు అంటించాము. డాక్టరు గారి నంబరు పక్కనే ఉంది. వచ్చే సదస్సుకు రాత్రి డ్యూటీ చేసే పిల్లల్లో ఒకరిని పంపాలని కోరుతూ, ఆ అమ్మాయి తీసుకువెళ్లవలసిన ప్రశ్నను కూడా జతచేసి, సూపరింటెండెంట్ గారికి అర్జీ పెట్టాను.