ఊద గడ్డి, వరి వేళ్లు, కలుపు మందు

దాళ్వాలో వెదజల్లిన వరిచేలో ఊద అనే కలుపు గడ్డిని లేతగా ఉన్నప్పుడే గుర్తుపట్టాలంటే, ఆకు తొడుగుతో కలిసే చోటును విప్పి చూడాలి. వరికి అక్కడ పల్చని పొర, నూగుతో కూడిన చెవుల వంటి చిన్న భాగాలు ఉంటాయి, ఊదకు అవేవీ ఉండవు.

సైహలోఫాప్ బ్యూటైల్ అనే కలుపు మందు పిచికారీ చేస్తే, గడ్డిజాతి మొక్కల్లో కొవ్వు ఆమ్లాల తయారీని మొదలుపెట్టే ఎంజైము ఆగిపోతుంది. కొత్త కణాలకు పొరలు ఏర్పడక మొవ్వు అడుగున కుళ్లుతుంది. కొన్ని రోజులకు సుడి ఆకును పట్టి లాగితే సులువుగా ఊడివస్తుంది, పాత ఆకులు మాత్రం అప్పటికీ పచ్చగానే కనిపిస్తాయి. వరిలోనూ ఆ ఎంజైము ఉన్నా, వరి ఆ మందును హాని చేయని పదార్థంగా మార్చుకుంటుంది. అదే కుటుంబానికి చెందిన క్విజాలోఫాప్ అనే మందు దగ్గర మామూలు వరికి ఈ రక్షణ లేదు. అందుకే డెల్టాలో వరి తర్వాత వచ్చే మినుము చేలో, చిగురించిన వరి దుబ్బులను సైతం అది చంపగలదు. మినుములోని ఎంజైము నిర్మాణమే వేరు కనుక పైరుకు ఏమీ కాదు.

వరి కూడా ఊరికే ఉండదు. 1973లో వరి ఊక నుంచి వేరుచేసిన మోమిలాక్టోన్ బి అనే రసాయనాన్ని వరి వేళ్లు మట్టిలోకి వదులుతాయి, అది ఊద మొలకల ఎదుగుదలను అణచివేస్తుంది. విచిత్రమేమంటే, ఆ కోవకు చెందిన రసాయనాన్ని తయారుచేసే జన్యువుల గుంపు ఊదలోనూ ఉన్నట్లు 2017లో వెలువడిన దాని జన్యుక్రమం చూపింది. జొన్న వేరు నూగు నుంచి ఊరే సోర్గోలియోన్ అనే రసాయనం పనిచేసే తీరు భిన్నం. అది అట్రజిన్ అనే కలుపు మందు మాదిరిగా కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. నిలువ నీటిలో పలచబడే వేరు స్రావాలు ఒక్కటే ఊదను అదుపు చేస్తాయని మాత్రం నేను నమ్మను.