బోరు మోటారు సంగతి

రాత్రి ఇల్లు చేరేసరికి 2.30. పొద్దున 8 గంటలకు మళ్లీ ఐసీయూ. దారిలో అలిపిరి రోడ్డు పక్కన టీ తాగితేగానీ కళ్లు విచ్చుకోలేదు.

నిన్నటి కేసులో గుండె ఎడమవైపుండే మైట్రల్ వాల్వు మార్చారు. వాల్వు చక్కగా కూర్చుంది. ఆపరేషన్ సాగినంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మిషన్ నుంచి దించబోతే మాత్రం కుడి జఠరిక (ఊపిరితిత్తులకు రక్తం తోసే కింది గది) ఉబ్బిపోయింది. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల ప్రెషర్‌తో పోరాడి అలిసిపోయింది పాపం. మందులు పెంచి రెండుసార్లు చూశాం. మూడోసారి సర్జన్ గారు నా వైపు చూసి, "పంపు రెడీ చెయ్యి" అన్నారు.

కుడి కర్ణికలో, అంటే గుండె పై గదిలో, ఒక గొట్టం. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమనికి కుట్టిన డేక్రాన్ గ్రాఫ్టుకు (బట్టతో చేసిన గొట్టం) ఇంకో గొట్టం. మధ్యలో, ఒంటికి బయట, పంపు. అలిసిన జఠరికను పక్కన పెట్టి రక్తం నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. గొట్టాలు కలిపేటప్పుడు సెలైన్ పోస్తూ, బుడగ మిగలకుండా చూడాలి. గాలి చేరితే ఈ పంపు పట్టు తప్పుతుంది. ఎన్నేళ్లు చేసినా ఆ నిమిషం నాకు టెన్షనే.

ఈరోజు విజిటింగ్ టైములో పేషెంటు కొడుకు వచ్చాడు. పలమనేరు వైపు రైతు. "మా నాయనకు మోటారు పెట్టినారంట గదా సార్?" అంటూనే గొట్టం వైపు చూశాడు. "ఇది అదురుతా ఉండాదే?"

నిజమే. నిమిషానికి 4 లీటర్లున్న ఫ్లో 3కి పడింది. మా కొత్త కుర్రాడు స్పీడు పెంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కర్ణికలో రక్తం చాలక, దాని గోడే గొట్టానికి అతుక్కుంటోంది. స్పీడు తగ్గించి, ఫ్లూయిడ్ ఎక్కించాం. అదురు ఆగింది. ఫ్లో మెల్లగా పైకొచ్చింది.

"బోర్లో నీళ్లు తగ్గితే మేమూ గేటువాల్వు తిప్పి తగ్గిస్తాం సార్" అన్నాడు. మా కుర్రాడికి నేను అరగంట చెప్పే పాఠం అది!

ఎన్ని రోజులుంచుతారని అడిగాడు. ఫ్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ, గుండె భారం మోస్తోందో లేదో ఎకోలో (గుండె స్కాన్‌లో) చూసి తీస్తామన్నాను. రోజులో వారాలో అప్పుడే చెప్పలేనన్నాను. తలూపాడు.

సాయంత్రం రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు సరిచూసి బయటికొస్తే వరండాలో ఫోన్లో ఉన్నాడు. కరెంటు రాగానే టమాటా తోటకు నీళ్లు వదలమని ఇంటికి చెబుతున్నాడు.