మగ్గుడు నీళ్లతో వజూ

2019 జూన్‌లో, చెన్నై వేళచ్చేరిలో మా ఫ్లాట్‌లో, నేను మగ్గుడు నీళ్లతో వజూ (నమాజుకు ముందు చేసుకునే శుద్ధి) చేయడం నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే, కాకపోతే అప్పటిదాకా కుళాయి తిప్పేసి చేసేవాణ్ణి. ఆ నెలలో ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. మా బోరు ముందు ఎర్రగా, తర్వాత ఉప్పగా పోసి చివరికి గాలి కక్కింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. స్టీలు మగ్గు ముందు పెట్టుకుని కొంచెం కొంచెం వంచుకుంటూ చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, తల మీద తడిచేయి, ఆఖరున పాదాలు. ఎడమ మడమ తడిసేసరికి మగ్గు ఖాళీ. ప్రవక్త (స) ఒక ‘ముద్’ నీళ్లతో వజూ ముగించేవారని హదీసులో (ఆయన మాటలు, చేతల కథనాల్లో) ఉంది. ముద్ అంటే రెండు చేతులూ కలిపి పట్టిన దోసెడు, లీటరు కూడా ఉండదు. అది ఎంతో నాకు ఆ రోజు చేతికి తెలిసింది.

పడుకునే ముందు చదివే ఖురాన్ అధ్యాయం సూరా ముల్క్ చివరి వాక్యం ఆ వేసవిలో నన్ను వదల్లేదు. మీ నీళ్లు అందనంత లోతుకు దిగిపోతే, పారే నీళ్లు మీకు తెచ్చి ఇచ్చేదెవరు అని అడుగుతుంది (67:30). జులై 12 నుంచి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, 50 వ్యాగన్లు, ఒక ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. ఆ రైలు కోసం ఎంత కష్టపడ్డారో, ఆ నీళ్లు ఇంత పెద్ద ఊరికి ఏ మూలకు సరిపోతాయో తలుచుకుంటే మబ్బు మోసుకొచ్చేది ఎంతో అర్థమవుతుంది.

మాది నెల్లూరు జిల్లా రాపూరు వైపు. వానొస్తే మా అవ్వ వసారాలోంచి చెయ్యి బయటపెట్టి "రహమతు కురస్తా ఉందిరా అబ్బయ్యా, చెయ్యి పెట్టు" అనేది. రహమత్ అంటే దేవుడి దయ. ఆమెకు అరబీ రాదు, చదువూ లేదు. వాన పడితే ప్రవక్త (స) ఒంటి మీది బట్ట కాస్త పక్కకు తీసి తడవనిచ్చేవారని, ఎందుకని అడిగితే ఇది ఇప్పుడే తన ప్రభువు దగ్గర్నుంచి వచ్చిందన్నారని సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో నేను పెద్దయ్యాక చదివాను. మా అవ్వకు అది ఎవరు చెప్పారో!

మద్రాసు కుళాయిలో వచ్చే నీళ్లలో కొన్ని మా ఊరి పక్కనుంచే వస్తాయని ఇక్కడ చాలామందికి తెలియదు. అరేబియా సముద్రం మీద లేచిన ఆవిరి రుతుపవనాలతో వచ్చి మహాబలేశ్వరం కొండల మీద పడి కృష్ణ అవుతుంది. అది శ్రీశైలం, వెలుగోడు, సోమశిల దాటి మా రాపూరు దగ్గరి కండలేరులో నిలిచి, కాలువ పట్టి పూండికి చేరుతుంది. ఈ నీళ్లకు 1983లో ఒప్పందమైతే 1996కి గానీ నీళ్లు రాలేదు. మనం తవ్విన కాలువకు పదమూడేళ్లు పట్టింది, ఆవిరై లేచిన నీళ్లు మళ్లీ వానై దిగడానికి సగటున పట్టేది తొమ్మిది పది రోజులే.

ఇంకోటి, ఉప్పు సంగతి. సముద్రం నీళ్లు ఉప్పు, దాన్నుంచి లేచే ఆవిరి తియ్యన. మీరు తాగే నీళ్లను చూశారా, మబ్బుల్లోంచి దించింది మీరా మేమా, మేం తలుచుకుంటే దాన్ని ఉప్పగా చేసేవాళ్లం అంటాడు అల్లాహ్, సూరా వాఖిఅలో (56:68-70). సముద్రపు నీటి నుంచి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్లు తీసేలా కట్టిన మీంజూరు ప్లాంటుకు ఎంత కరెంటు, ఎన్ని మోటార్లు కావాలో చూస్తే ఈ వాక్యం ఊరికే చదివి వదిలేసేది కాదు.

కానీ నేను చాలాకాలం రహమత్ అంటే వాన కురవడమే అనుకున్నాను. సూరా మూమినూన్‌లో (23:18) అల్లాహ్ ఆకాశం నుంచి ఒక కొలత ప్రకారం నీళ్లు దించాం అన్న వెంటనే, వాటిని భూమిలో నిలిపాం అని ఉంది, తీసుకుపోవడం కూడా మా చేతిలో ఉందని ఉంది. ఆ ‘నిలిపాం’ అన్న మాట నాకు కనపడనే లేదు. 2015 డిసెంబరులో ఇదే వేళచ్చేరిలో మా కింది ఫ్లాట్లు మునిగాయి. మునిగిన వీధిలోనే నాలుగేళ్లకు బిందెల వరుస. అంతకుముందు ఏడాది వాన తక్కువైనందుకే కాదు, మామూలుగా ఇక్కడ ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు పడుతుంది. చెరువు ఉన్న చోట మేం ఇళ్లు కట్టుకుని ఉన్నాం. పళ్లికరణై చిత్తడి నేలదీ అదే కథ. నిలపడానికి అల్లాహ్ ఇచ్చిన చోటును మేం మూసేశాం, నా ఫ్లాటుతో సహా.

మదీనాలో కరువొచ్చినప్పుడు జుమా ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) ఒకాయన లేచి వాన కోసం దువా (ప్రార్థన) చేయమని అడిగితే ప్రవక్త (స) చేతులెత్తారు, వారం రోజులు కురిసింది. మరుసటి జుమాకు ఒకాయన లేచి వాన ఆగాలని దువా చేయమన్నాడు. ప్రవక్త (స) వాన ఆపమనలేదు. మా మీద కాదు, మా చుట్టూ కురిపించు, గుట్టల మీద, లోయల్లో, చెట్లు మొలిచే చోట అని అడిగారు. ఈ హదీసు ఎన్నిసార్లు విన్నానో, కానీ ఆయన పేరుపేరునా అడిగిన చోట్లన్నీ నీళ్లు ఇంకే చోట్లు, నిలిచే చోట్లు అని ఆ వేసవిలోనే తట్టింది.

మా బిల్డింగ్‌లో ఇంకుడు గుంట ఉంది. 2003లో తమిళనాడు మొత్తం తప్పనిసరి చేసినప్పుడు తవ్వించిందే, పైన పూలకుండీలు పెట్టుకుని అందరం మర్చిపోయాం. మూత తీస్తే నిండా బురద, ప్లాస్టిక్ కవర్లు. మా డాబా 200 చదరపు మీటర్లు, అంటే ఏడాదికి రెండు లక్షల ఎనభై వేల లీటర్లు పడుతుంది, 12,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై మూడు. ఇంత రహమత్‌ను ఏటా వీధి కాలువలోకి వదిలేశామని తెలిసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇద్దరు కూలీలు, మేం నలుగురం రెండు రోజులు బురద ఎత్తి, కొత్త కంకర, ఇసుక వేయించాం.

అక్టోబరులో మొదటి పెద్ద వాన అసర్ (సాయంత్రపు నమాజు) వేళ పడింది. "అల్లాహుమ్మ సయ్యిబన్ నాఫిఆ" అనుకుంటూ, మేలు చేసే వానగా కురిపించమని అడుక్కుంటూ కిందికి పరిగెత్తాను. డాబా పైపులోంచి నీళ్లు ముందు నల్లగా, తర్వాత టీ రంగులో, తర్వాత తేటగా గుంటలోకి దిగుతున్నాయి. మా చిన్నోడు వెనకే వచ్చి పైపు దగ్గర చెయ్యి పెట్టబోతే మెట్ల మీదికి లాగి, ఇక్కడ పెట్టు నాన్నా అని వాడి చెయ్యి వానలోకి చాపించాను.