కంద పద్యం నేర్పిన ఆటోమేటా: నా అనుభవం

బీటెక్ మూడో సంవత్సరంలో మాకు ‘ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ’ అనే పేపరు ఉండేది. అక్షరాల వరుసను ఒక్కొక్కటిగా చదివి, అది నియమానికి సరిపోతుందో లేదో చెప్పే ఊహా యంత్రాలే ఆటోమేటా. సీనియర్లు దాన్ని పొట్టిగా ‘ఫ్లాట్’ అనేవారు. అందులో ఎవరెవరు ఫ్లాట్ అయ్యారో చెప్పి నవ్వేవారు కూడా. ప్రోగ్రాములు రాయడం ఇష్టపడి కంప్యూటర్ సైన్సులో చేరిన నాకు, కంప్యూటరును తాకకుండా నోటు పుస్తకంలో సున్నాలు చుట్టి బాణాలు గీయడమే చదువుగా సాగిన ఆ సబ్జెక్టు తొలి నెల ఏమాత్రం కొరుకుడు పడలేదు. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ 1956లో వ్యాకరణాలను వర్గీకరించిన తీరును బట్టీ పట్టాను. మూడుతో భాగించబడే బైనరీ సంఖ్యలను గుర్తించే డీఎఫ్ఏను (ప్రతి అక్షరానికీ ఒకే బాణం ఉండే యంత్రాన్ని) కూడా బొమ్మగానే గుర్తు పెట్టుకున్నాను తప్ప, అందులోని మూడు స్టేట్లు, అంటే మూడు సున్నాలు, 0, 1, 2 అనే శేషాలేనని నాకు తట్టలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పదో తరగతి చదువుతున్న చెల్లెలు గణవిభజన చేస్తూ, "అన్నయ్యా, ఇది కందమేనా, చూసి చెప్పు" అని పుస్తకం నా ముందుకు తోసింది. కందంలో వచ్చేవి నాలుగు మాత్రల గణాలు: గగ, భ, జ, స, నల. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నేను వేలితో మాత్రలు లెక్కపెడుతూ ఒక్కో అక్షరం దాటుతున్నప్పుడు, వెనుక ఏ అక్షరాలు వచ్చాయో నాకు అక్కర లేదని, ఇప్పటికి ఎన్ని మాత్రలయ్యాయన్నది ఒక్కటి గుర్తుంటే చాలునని గమనించాను. ఆ గుర్తునే మా పుస్తకంలో స్టేట్ అన్నారు.

అక్కడే, ఆమె రఫ్ నోటులోనే బొమ్మ గీశాను. సున్నా నుంచి నాలుగు మాత్రల వరకు ఐదు స్టేట్లు, తప్పిన వాటిని పడవేయడానికి ఒక డెడ్ స్టేట్. లఘువు వస్తే ఒక అడుగు, గురువు వస్తే రెండు అడుగులు. మూడు మాత్రల దగ్గర గురువు వస్తే లెక్క నాలుగును దాటిపోతుంది కనుక ఆ బాణం డెడ్ స్టేటుకు పోతుంది. నాలుగైన తరువాత ఏది వచ్చినా అంతే. మొదటి స్టేట్ నుంచి నాలుగుకు చేరే దారులన్నీ రాసి చూస్తే సరిగ్గా ఐదే వచ్చాయి, అవి ఆ ఐదు గణాలే. కందంలో బేసి గణంగా జగణం రాకూడదన్న నియమం కోసం నేను కొత్త స్టేట్ ఏదీ చేర్చవలసి రాలేదు: ఒక మాత్ర స్టేట్ నుంచి గురువు మీద వెళ్లే బాణాన్ని డెడ్ స్టేటుకు మళ్లిస్తే సరిపోయింది, ఎందుకంటే ఐదింటిలో లఘువుతో మొదలై, వెంటనే గురువు వచ్చేది జగణం ఒక్కటే. (గురులఘువులను గుర్తించడానికి మాత్రం ఒక అక్షరం ముందుకు చూడాలి, ‘భక్తి’లో భ గురువని తేలేది క్తి వచ్చాకే.) ఆ రోజు నుంచి ప్రతి స్టేట్ పక్కన, అది ఏమి గుర్తు పెట్టుకుంటోందో తెలుగులో ఒక వాక్యం రాయడం అలవాటు చేసుకున్నాను.

అయినా మొదటి మిడ్ పరీక్షలో దెబ్బ తిన్నాను. చివరి నుంచి మూడో అంకె 1గా ఉన్న మాటలకు (సున్నాలు, ఒకట్ల వరుసలకు) ఎన్ఎఫ్ఏ, అంటే ఒకే అక్షరానికి పలు బాణాలుండి దారిని ఊహించే యంత్రం, గీసి డీఎఫ్ఏగా మార్చమన్నారు. ఎన్ఎఫ్ఏకు నాలుగు స్టేట్లు కనుక పదహారు ఉపసమితులకూ వరుసలు రాస్తూ కూర్చున్నాను. మొదటి స్టేట్ నుంచి చేరగలిగినవి వాటిలో ఎనిమిదే. రాబిన్, స్కాట్ 1959లో చూపిన ఆ పద్ధతిని చేరిన వాటి నుంచే ముందుకు పెంచుకుంటూ పోవాలని నాకు అప్పటికి తెలియదు.

ఒక భాషకు డీఎఫ్ఏ లేదని చూపడానికి వాడే పంపింగ్ లెమ్మా అనే సిద్ధాంతం మీద జవాబు ఇంకా ఘోరం. కొన్ని సున్నాలు, వాటి వెనుక సరిగ్గా అన్నే ఒకట్లు ఉండే భాష (అటువంటి మాటల సమితి) రెగ్యులర్ కాదని, అంటే దాన్ని ఏ డీఎఫ్ఏ గుర్తించలేదని నిరూపించమంటే, ‘పి విలువ 4 అనుకొనుము’ అని మొదలుపెట్టి, మాటను నాకు నచ్చినట్లు మూడు ముక్కలు చేశాను. లెక్చరర్ ఎర్ర సిరాతో, "పి నిర్ణయించడానికి నువ్వెవరు?" అని రాశారు. తరువాత స్టాఫ్ రూములో నిలబెట్టి ఓపికగా చెప్పారు: పి, అంటే యంత్రంలోని స్టేట్ల సంఖ్య, ఎంతో చెప్పేది అవతలివాడు (భాష రెగ్యులరే అనేవాడు), ముక్కలు చేసేదీ అతడే, మాటను ఎంచుకోవడం, మధ్య ముక్కను ఎన్నిసార్లు తిప్పాలో చెప్పడం మాత్రమే నా వంతు. పి స్టేట్లున్న యంత్రం పి అక్షరాలు చదివేసరికి ఏదో ఒక స్టేట్‌కు రెండోసారి రాక తప్పదు, మళ్లీ అక్కడికి వచ్చిందంటే మధ్యలో చదివినదాన్ని మరచిపోయినట్లే. సున్నాలను లెక్కపెట్టవలసిన యంత్రం లెక్క మరచిపోతే ఇక చేసేదేముంది? కందం బొమ్మలో నాలుగుతో ఆగే లెక్క ఇక్కడ ఎక్కడా ఆగదన్న తేడా అప్పుడు తెలిసింది.

మాటలను పుట్టించే నియమాలైన కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్లు ఆ తరువాత పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. స్టాక్ (చివర పెట్టినదే ముందు తీయగల దొంతర) కూడా ఉన్న యంత్రమైన పుష్‌డౌన్ ఆటోమేటాకు మాత్రం, ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకటే అయిన ‘వికటకవి’ని పట్టుకున్నాను. వి, క రెండింటినీ స్టాక్‌లో పెట్టి, ట దాటి, క, వి చదువుతూ ఒక్కొక్కటే తీసివేయాలి. అయితే ట నడిమి అక్షరమని యంత్రానికి ముందుగా ఎవరూ చెప్పరు, అది ఊహించాలి. అందుకే ఇటువంటి మాటల భాషకు డిటర్మినిస్టిక్ (ఊహ లేని) పుష్‌డౌన్ యంత్రం చాలదు. డీఎఫ్ఏలో అంత కష్టపడి తీసివేయగలిగిన ఊహను ఇక్కడ తీసివేయలేమన్నది ఆ సబ్జెక్టు మొత్తంలో నాకు నచ్చిన విషయం. కంప్యూటరుకు నమూనాలైన ట్యూరింగ్ మెషిన్ల యూనిట్‌ను సిలబస్ ముగించే తొందరలో రెండు క్లాసులలో చెప్పేశారు. ఏ ప్రోగ్రామైనా ఆగుతుందో లేదో ముందే చెప్పే పద్ధతి లేదనే హాల్టింగ్ ప్రాబ్లమ్ నిరూపణను నేను సెలవులలో సొంతంగా చదువుకోవలసి వచ్చింది.

సెమిస్టర్ పరీక్షలో పాలిండ్రోముల (వికటకవి వంటి మాటల) భాష రెగ్యులర్ కాదని నిరూపించమన్నారు. ఈసారి పి విలువను అవతలివాడికే వదిలేసి, పి సున్నాలు, ఒక ఒకటి, మళ్లీ పి సున్నాలు ఉన్న మాట తీసుకున్నాను. పేపరు గట్టెక్కింది. చెల్లెలికి పదో తరగతి పరీక్షలో కందం రాలేదు, ఉత్పలమాల వచ్చింది. దాని పాదానికి యంత్రం గీయడం ఇంకా తేలిక, భ ర న భ భ ర వ, ఇరవై బాణాలు, ఒకటే దారి.