గోనె సంచికి గోడ మీద చోటు

"బాస్, ఈ సంచులు మీ దేశం వైపు నుంచే వస్తాయి. మీకే ఇంత చులకనైతే ఇక వీటికి విలువ ఇచ్చేదెవరు?"

మా గిడ్డంగిలో స్టోరు చూసే ఆంటీ కుర్రాళ్లందరి ముందూ నన్ను అన్న మాట ఇది. ఉత్తర ఘనాలోని తమాలేలో పంపులు, స్ప్రేయర్లు, విత్తనాలు అమ్మే ఒక కంపెనీ గిడ్డంగికి నేను మేనేజరుని. వానలు మొదలయ్యేలోగా సరుకు దిగాలి, దిగిన సరుకుకు చోటు కావాలి. మూలన ఎలుకలు కాపురం పెట్టిన చిరుగు సంచుల కుప్పను బయట పడేయమన్నాను. గిడ్డంగి నడిపేవాళ్లు ఎవరైనా అదే చెబుతారు.

పనిలో మాట పడటం నాకు కొత్త కాదు. కానీ ఆ "చులకన" అన్నది మాత్రం రాత్రి అన్నం దగ్గర కూడా వదల్లేదు. మాది విజయనగరం జిల్లా. మా నాన్న జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేశారు. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల వెనక నార దుమ్ము పేరుకుని ఉండేది. గోగు ఊరేసిన చెరువు కంపుకి మా ఊళ్లో ముక్కు మూసుకునే పిల్లలు లేరు. గుమ్మంలో గోనె, దూడ కింద గోనె, వానలో నెత్తిన గోనె. ఆ సంచి మీదే మా స్కూలు ఫీజులు గడిచాయి. చిరిగి పనికిరాకుండా పోయినదాన్ని అవతల పడేస్తే అది చులకన ఎలా అవుతుంది?

మర్నాడు ఇదే ఆంటీతో అన్నాను. ఆమె వాదనకు దిగలేదు. "రెడ్ క్లేకి వెళ్లి చూసి రండి. ఆ తర్వాత పారేద్దురు గాని" అంది.

తమాలే శివార్లలో ఎర్ర ఇటుకలతో కట్టిన పెద్ద కళా ప్రాంగణం అది. 2020లో తెరిచారు. కట్టించినది ఘనా కళాకారుడు ఇబ్రహీం మహమా. 1987లో ఈ ఊళ్లోనే పుట్టి, కుమాసీ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువుకున్నాడు. అతనికి పేరు తెచ్చినవి గోనె సంచులు. ఘనాలో కోకో గింజలను ఈ సంచుల్లోనే నింపి ఓడ ఎక్కిస్తారు. నిండిన బస్తా సుమారు 64 కిలోలు తూగుతుంది. సంచులు చాలావరకు బంగ్లాదేశ్, భారతదేశాల మిల్లుల నుంచి వస్తాయి. కోకోకి పనికిరాకుండా పోయాక వాటిలో బియ్యం, మొక్కజొన్న, చివరికి బొగ్గులు నింపుతారు. మహమా బజార్లలో తిరిగి, పాత సంచి ఇచ్చినవారికి కొత్తది ఇచ్చి, అలా పోగైనవాటిని కూలీల చేత కలిపి కుట్టించి, పెద్ద పెద్ద కట్టడాలకు తొడిగాడు. 2015లో ఇటలీలోని వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పొడవాటి నడవ గోడలను, 2017లో జర్మనీలోని కాసెల్‌లో పాత నగర ద్వారపు కట్టడాలను ఈ సంచులే కప్పాయి.

లోపల ఒక షెడ్డులో పైకప్పు నుంచి నేల దాకా వేలాడుతున్న ఆ గోనె తెర దగ్గర చాలాసేపు నిలబడ్డాను. దూరం నుంచి చూస్తే మట్టి రంగు పటం. దగ్గరికి వెళితే ఒక్కో సంచికీ ఒక్కో బతుకు. ఒకదాని మీద "ప్రొడ్యూస్ ఆఫ్ ఘనా" అని అచ్చు సగం చెరిగి ఉంది. పక్కదాని మీద ఎవరో వ్యాపారి ఇంకుతో రాసుకున్న పేరు. చిరుగు దగ్గర వేరే సంచి ముక్క అతికి, దబ్బనంతో ఎడం ఎడంగా కుట్టిన కుట్లు. ఆ కుట్ల సందులో బొగ్గు పొడి నల్లగా అలాగే ఉంది. నా కళ్లు నాకు తెలియకుండానే నేతను చూస్తున్నాయి. పడుగు ఎక్కడ వదులైంది, ఏ అంచు సరిగా పడలేదు అని. మా నాన్న చూపు అది. ఆ సంచుల్లో ఒక్కటైనా ఆయన చేతి మీదుగా వచ్చిందని నేను అనుకోను. అయినా అక్కడ ఆయన లేకపోవడం కష్టంగా అనిపించింది.

నిజం చెప్పాలంటే మొదట అనుమానంతోనే చూశాను. హమాలీ వీపు మీద అరిగిన సంచిని వెనిస్‌లో వేలాడదీస్తే, డబ్బున్నవాళ్లు దాని ముందు నిలబడి తలలూపి వెళతారు. బస్తా మోసినవాడికి ఏం మిగిలింది? ఎంత మంచి కళ అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలని నా పట్టుదల. ఇక్కడ జవాబు ఇటుకల రూపంలో కళ్ల ముందే ఉంది. ప్రపంచపు పెద్ద మ్యూజియంలు కొన్న పనుల డబ్బు తమాలేకి వచ్చింది. 2019లో కళా కేంద్రం ఒకటి, ఆ వెనక ఈ ప్రాంగణం. ఘనా తొలి అధ్యక్షుడు ఎన్‌క్రూమా కాలంలో మొదలై, 1966లో ఆయన పదవి పోవడంతో గబ్బిలాలపాలైన ధాన్యం నిల్వ చేసే సైలోను కూడా మహమా కొని నిలబెట్టాడు. లండన్‌లోని బార్బికన్ కళా కేంద్రం భవనానికి 2024లో తొడిగిన సుమారు 2,000 చదరపు మీటర్ల గులాబీ, ఊదా రంగుల బట్టను కూడా ఇక్కడి వందలాది మంది చేతులే నేసి కుట్టాయి.

ప్రాంగణంలో పాత విమానాలు ఉన్నాయి. రోడ్డు మీద తెచ్చి, లోపల తరగతి గదులు చేశారు. పాత రైలు పెట్టెలూ ఉన్నాయి. బ్రిటిష్ వాళ్లు బంగారం, కలప, కోకో దించుకుపోవడానికి దక్షిణాన వేసిన రైలు మార్గం తమాలే దాకా రానే లేదు. ఈ ఊరి పిల్లలు రైలు పెట్టె ఎక్కడం మ్యూజియంలోనే. నేను వెళ్లిన రోజు యూనిఫాం వేసుకున్న పిల్లలు విమానం మెట్ల మీద కూర్చుని బొమ్మలు గీస్తున్నారు. టికెట్ ఎక్కడని అడిగితే, లేదన్నారు. నాకు అన్నీ చూపించిన కుర్రాడి చేతిలో కొంత డబ్బు పెట్టబోతే తీసుకోలేదు. "మీ పనివాళ్లను కూడా తీసుకురండి" అన్నాడు.

అప్పటి నుంచీ నన్ను తొలుస్తున్నది ఇదే. మనకు మ్యూజియం అంటే సాలార్‌జంగ్‌లో మేలిముసుగు రెబెక్కా, గంట కొట్టే గడియారం. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళితే నేనూ నోరు తెరిచి చూశాను, ఇప్పుడు చూసినా చూస్తాను. మనకు చిత్రకారులు లేరా అంటే, లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం పల్లె మనుషులను గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కానీ మా నాన్న నడిపిన మగ్గం, హమాలీల కొక్కెం, కాటా రాళ్లు, హాజరు పట్టీ, వీటిని పిల్లలకు చూపించాలంటే ఏ గుమ్మం ఎక్కాలి? ఘనా మనకంటే బీద దేశమని ఇక్కడి మనవాళ్లు విందుల్లో తేలికగా అనేస్తుంటారు. ఇకమీదట ఆ మాట నా ముందు అంటే ఊరుకోను.

సోమవారం ఆంటీతో వెళ్లి వచ్చానని చెప్పాను. ఆమె ఏమీ అనకుండా చొక్కా చేయి పైకి మడిచింది. మోచేతికి కింద పచ్చబొట్టు. ఆమె పేరు, ఊరి పేరు. ఉత్తర ఘనా ఆడపిల్లలు రాజధాని అక్రా బజార్లలో తల మీద బరువులు మోయడానికి వలస వెళతారు. దారిలో ఏదైనా జరిగితే శవం ఇంటికి చేరాలి కదా అని పొడిపించుకుంటారు. మహమా సంచులు కుట్టిన ఆడవాళ్లలో ఇలాంటివారు ఎందరో. ఆ చేతులను అతను ఫొటోలు తీసి సంచులతో పాటు ప్రదర్శనల్లో పెట్టాడు. ఆంటీ కూడా పెళ్లికి ముందు అక్రాలో బియ్యం బస్తాలు మోసిందట. నా పాస్‌పోర్టు నా జేబులో ఉంటుంది. ఆమెకు ఉన్న కాగితం అదొక్కటే. సంచుల కుప్పను ఆమె ఇష్టానికి వదిలేశాను. సరుకుకు వరండాలో తాటిపత్రి కట్టించాను.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. మా వైపు మూతపడిన మిల్లుల్లో మగ్గాలు తుక్కు కింద తూకానికి పోతున్నాయి. ఒక్క మగ్గం, కొన్ని బాబిన్లు, పాత హాజరు పుస్తకాలు దొరికినంత వరకు కొనమన్నాను.

"కొని ఎక్కడ పెడదాం అన్నయ్యా? ఇంట్లో బండి పెట్టడానికే చోటు లేదు" అన్నాడు.

పంచాయతీ ఆఫీసు వెనక ధాన్యం గోదాము చాలాకాలంగా ఖాళీగా ఉంది. అద్దె ఎంతో కనుక్కోమన్నాను. నాన్నతో పనిచేసినవాళ్లలో ఇంకా ఎవరెవరు ఊళ్లో ఉన్నారో పేర్లు రాసి పెట్టమన్నాను. సంక్రాంతికి వస్తున్నాను, మగ్గం బిగించడం వాళ్లకే తెలుసు.