గ్రనాదా జలుబు, మన ఇసబ్‌గోల్

దక్షిణ స్పెయిన్ కదా, జనవరిలో కూడా ఎండ కాస్తుందనుకుని స్వెట్టర్ ఒక్కటే పెట్టుకెళ్లాను. గ్రనాదాలో దిగాక పళ్లు టకటకలాడాయి. ఎదురుగా సియెర్రా నెవాదా కొండల నిండా మంచు. అల్బాయిసీన్ గుట్ట మీద ఒక పాతింట్లో గది తీసుకున్నా. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి.

మర్నాడు పొద్దున "ఎలా ఉన్నారు?" అంటే, నీరసంగా "ఎస్తోయ్ కోన్స్తిపాదా" అంది. నేను ఇంగ్లిషు చెవితో విన్నాను. పాపం మలబద్ధకం కాబోలనుకుని, అమ్మ సర్దిన ఇసబ్‌గోల్ పొట్లం తెచ్చి చేతిలో పెట్టా. అదేం చేస్తుందో సైగలతో చెప్పా కూడా! ఆవిడ నన్నోసారి, పొట్లాన్నోసారి చూసి, ముక్కు చీది రుమాలు చూపించింది. జలుబట.

ఆ రోజు నుంచీ ఇంగ్లిషుని పక్కనపెట్టి, స్పానిష్‌లోకి తెలుగులోంచి వెళ్లడం మొదలుపెట్టా. అంతకుముందు ఇంగ్లిషు "ఐ లైక్" లెక్కన "యో గుస్తో" అంటూ తంటాలు పడేవాణ్ణి. వాళ్లనేది "మే గుస్తా", అంటే అచ్చంగా "నాకు నచ్చుతుంది". "మే దా మియేదో" అంటే నాకు భయమేస్తోంది. రాళ్లు పరిచిన సందుల్లో సాన్ నికొలాస్ అనే ఎత్తైన చోటి దాకా ఎక్కి, ఎదుట ఎర్రగా అల్హంబ్రా కోట కనిపిస్తుంటే అరుగు మీద కూలబడ్డాను. తల నొప్పెడితే "మే దువేలే", పాదాలు నొప్పెడితే "మే దువేలెన్". మన "నొప్పెడుతోంది", "నొప్పెడుతున్నాయి" లాగే! ఈ సంగతి బళ్లో ఎవరైనా చెప్పుంటే ఎంత బావుండేది. చలి దగ్గర మాత్రం దారి వేరు: "తెంగో ఫ్రీయో". జేబులో డబ్బులున్నట్టు చలీ, ఆకలీ, నిద్రా "ఉంటాయి" వాళ్లకి.

ఒకరోజు వాన వదల్లేదు. ఇక్కడ బార్లో ఏం తాగినా చిన్న ప్లేటులో తినడానికేదో ఉచితంగా ఇస్తారు, అందుకని అక్కడే కూర్చున్నా. ఏంటి సంగతులన్నాడు గ్లాసులు తుడుస్తున్నతను. "సోయ్ అబురీదో" అన్నా. బోర్ కొడుతోందనాలంటే "ఎస్తోయ్" అనాలి. "సోయ్" అంటే నా తత్వమే అది, నేను బోర్ మనిషినని. అతను నవ్వకుండా "అది కనబడుతూనే ఉంది" అన్నాడు. గ్రనాదా వాళ్ల ఈ మొహంమీద కొట్టే ధోరణికి "మాలఫోయా" అని ఓ పేరే ఉంది, దాని గురించి కాస్త గర్వం కూడాను.

వెళ్లే రోజు ఇంటావిడ గుమ్మం దాకా వచ్చి "మే దా పేనా, ఇహో" అంది. నాకు దిగులుగా ఉంది నాయనా, అని. "ఆ మీ తాంబియేన్" అన్నాను. నాకూ.

నాలుగడుగులు వేశానో లేదో వెనక్కి పిలిచింది. గొంతు తగ్గించి, ఆ పొడి ఎన్ని చెంచాలు వేసుకోవాలని అడిగింది.